నా వేలు దించిన తెర

సాయంత్రం పూట బీచ్ రోడ్డులో మైకు పట్టుకుని గబగబా మాటలు పాడే కుర్రాళ్ళని చూసి నా ఈడువాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. నేను వేసుకోను. విశాఖపట్నంలో ఆ పని, కుర్రాళ్ళూ, మీకంటే చాలా ముందే చేసి, జనం చేత ఈలలు వేయించుకుని, ఉద్యోగం మీదికి తెచ్చుకున్నవాణ్ణి నేను. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. సాక్షి ఒక్కడే మిగిలాడు, మా బావ. అతన్ని అడిగితే పాట సంగతి వదిలేసి తెర సంగతి ఎత్తుకుంటాడు. అందుకని నేనే రాస్తున్నాను. ఓపికుంటే చదవండి, లేకపోతే మీ ఇష్టం.

ఎనభైల మధ్య మాట. పోర్టులో నాది సిగ్నల్‌మన్ ఉద్యోగం. అప్పట్లో బస్తాల సరుకు దించాలంటే ఓడ మీదుండే వించి నడపాలి. ఇనుప తాడుతో బరువులెత్తే యంత్రం అది. దాన్ని నడిపేవాడికి కింద సరుకు గది కనపడదు, పక్కన సరుకు దిగే జెట్టీ కనపడదు. ఆ రెండూ కనపడేలా ఓడ అంచున నేను నిలబడతాను. వేలు పైకి చూపించి గుండ్రంగా తిప్పితే ఎత్తు. వేలు కిందికి చూపించి ఆడిస్తే దించు. ఒక చెయ్యి అడ్డంగా చాపితే, మళ్ళీ వేలు కదిలేదాకా ఆపు. రెండు చేతులూ చాపితే ఠక్కున ఆపు. ఆ హోరులో నోటిమాట వినపడదు గనక చేతులే మాట్లాడాలి. సిగ్నల్ లేకుండా వించి కదపకూడదు, సిగ్నల్ వచ్చాక కదపకుండా ఉండకూడదు. వించ్‌మన్‌కి ఇంతకు మించి శాస్త్రం లేదు.

ఆ వించ్‌మనే మా బావ. మా ప్రాంతంలో మగాళ్ళు ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ బావా అంటారు గాని, ఇతను సొంత బావ. మా అప్ప మొగుడు. అప్ప అంటే మా వైపు అక్క. ఇద్దరం పల్లెలో వ్యవసాయం వదిలి ఒకే ఏడు పోర్టులో చేరాం. గోపాలపట్నంలో ఒకే సందులో ఎదురెదురు ఇళ్ళు. పన్నెండేళ్ళు నా చేతులకేసే చూస్తూ పని చేశాడేమో, నా మొహం కంటే నా వేళ్ళే అతనికి బాగా తెలుసు. మనిషి మితభాషి. వించి అంటే మాత్రం ప్రాణం. ఏ దేశం ఓడొచ్చినా ఎక్కగానే దాని వించికి దణ్ణం పెట్టి, కుంకం బొట్టు పెట్టేవాడు. ఒక దొర కెప్టెను ఆ బొట్టు చూసి తుప్పనుకుని, మనిషిని పిలిచి రంగు వేయించాడు. బావ మర్నాడు ఆ రంగు మీద మళ్ళీ బొట్టు పెట్టాడు.

అలాంటివాణ్ణి వించి మీంచి దింపేశారు. ఎందుకో చెబుతాను.

ఒకసారి ఎరువుల ఓడ వచ్చింది. అందులో అమెరికా కుర్రాడొకడు, నావికుడు, సూట్‌కేసంత టేప్ రికార్డరు డెక్కు మీద పెట్టుకుని పొద్దస్తమానం వాయించేవాడు. అందులో వచ్చేదాన్ని పాట అందామంటే రాగం లేదు. దరువుంది. ఆ దరువు మీద ఎవడో గుక్క తిప్పుకోకుండా వీధి తగువు ఆడుతున్నట్టు మాటలు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒళ్ళు మాత్రం దానంతటది ఊగింది. ఓరి నీ అసాధ్యం కూలా, ఇది మా గ్యాంగు బరువు పాట కాదూ అనిపించింది! బస్తాలు లాగేటప్పుడు మావాళ్ళలో ఒకడు మాట కడతాడు, మిగతావాళ్ళు హోయ్ అంటారు. అక్కడా అదే జరుగుతోంది. కాకపోతే వీడికి బ్యాటరీలున్నాయి, మాకు చెమటుంది.

మూడో రోజు మధ్యాహ్నం, టేపు మోగుతుండగానే, ఎరువు బస్తాల కట్టు ఓడ గోడ దాటకముందే కిందికి దిగిపోయింది. గోడకి తగిలి ఒరిగింది. బస్తాలు జెట్టీ మీద టపటపా రాలాయి. కింద తాడు పట్టుకున్న మనిషి ఒక్క గెంతు గెంతాడు గనక బతికాడు. గెంతకపోయుంటే నేనిది నవ్వుతూ రాసేవాణ్ణి కాదు. ఒక బస్తా పగిలి ఎరువంతా మా ఆఫీసరు గారి స్కూటరు మీద పడింది. కొత్త స్కూటరు, ముగ్గేసిన వాకిలిలా అయిపోయింది.

ఆఫీసరు గారు గోదావరి జిల్లా నుంచి వచ్చినాయన. ఎంత కోపం వచ్చినా మర్యాద తప్పని మనిషి. అక్కడికక్కడే మా ఇద్దర్నీ నిలబెట్టాడు.

"ఏవయ్యా, ఏం జరిగింది?"

బావ మూడే మాటలన్నాడు. "దించమన్నాడండి. దించినానండి. అంతే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నానెప్పుడు దించమన్నాను బావా? అమ్మ తోడండి, నాను దించమన్లేదు. నా కుడిసెయ్యి ఆపు మీదే ఉన్నాది!"

ఆయన మా మొహాలు మార్చి మార్చి చూశాడు. "మీ ఇద్దర్లో ఒకరు అబద్ధం ఆడాలి కదా? చూస్తే ఇద్దరూ నిజమే చెబుతున్నట్టున్నారు. బస్తాలేమో వాటంతటవి దూకవు. నన్నేం చెయ్యమంటారయ్యా?"

ఏం చేస్తాడు? సిగ్నల్ లేకుండా కదిపాడన్న అనుమానం మీద బావని దింపి, జెట్టీ మీద తాళ్ళు సర్దే పనిలో పెట్టాడు. ఎంక్వయిరీ పెట్టాడు. మూడు వారాల తర్వాత సోమవారం నాడు ఆర్డరు. తప్పు బావదని తేలితే ఇక జన్మలో వించి ఎక్కడు.

ఆ సాయంత్రమే అప్ప మా గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఒరే తమ్మా, మీ బావ అబద్దమాడతాడేటి?"

"ఆడడప్పా."

"మరి నువ్వాడతన్నావా?"

"నానూ ఆడలేదప్పా."

"అయితే ఆ బస్తాలకి కాళ్ళొచ్చినాయేటిరా?"

ఆ రోజు నుంచి ఎదురింట్లోంచి చేపల పులుసు రావడం ఆగిపోయింది. బావ నాతో మాట మానేశాడు. సందులో ఎదురైతే ఎలక్ట్రిక్ స్తంభాన్ని పలకరిస్తాడు గాని నన్ను పలకరించడు. నాకూ రోషమే. పన్నెండేళ్ళు నా చేతిని నమ్మినవాడు నా మీద నింద వేస్తాడా అని పళ్ళు నూరుకుంటూ తిరిగాను. నేను అబద్ధం చెప్పలేదు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇలా ఉండగా మా రిక్రియేషన్ క్లబ్బు వార్షికోత్సవం వచ్చింది. ఆ ఏడు ఊరంతా బ్రేక్ డాన్సు పిచ్చి. ద్వారకా నగర్‌లో బస్సు దిగితే చాలు, ఎవడో ఒకడు ఒంట్లో కరెంటు పాస్ అవుతున్నట్టు చేతులు మెలి తిప్పుతూ కనపడేవాడు. క్లబ్బు సెక్రటరీ మద్రాసు నుంచి ఒక బ్రేక్ డాన్సు ట్రూపుని పిలిచాడు. ఎంక్వయిరీ ఆర్డరు సోమవారం, ఈ షో దానికి ముందు ఆదివారం సాయంత్రం.

"ఆళ్ళు మేకప్పులేసుకుని, సామాన్లు సర్దుకునే దాకా జనాన్ని ఎవులైనా కూకోబెట్టాల" అన్నాడు సెక్రటరీ. "పది నిమిషాలు సాలు. కిందటేడు మేజిక్కాయన్ని ఎట్టినాం. పావురం ఫేనులో ఎగిరెల్లిపోనాది. ఈసారి జీవాలొద్దు."

"నాను సేత్తాను" అన్నాను.

"ఏటి సేత్తావు?"

"అమెరికా పాట. మన మాటల్తో."

ఆయన నన్ను కిందా మీదా చూసి, "జీవాలు లేవు గదా?" అని ఖాయం చేసుకుని పేరు రాసుకున్నాడు.

ఎంత తయారయ్యాననుకున్నారు! ఆ నావికుడి క్యాసెట్టు అట్ట మీద మనిషి మెళ్ళో లావుపాటి గొలుసుంది. నేను ఆటోనగర్ వెళ్ళి పాత లారీ సామాన్ల షాపులో గొలుసు తెచ్చుకున్నాను. అది వేసుకుంటే తల దానంతటదే వంగిపోయేది, వినయంగా ఉన్నానని అందరూ మెచ్చుకున్నారు. పనిలో తొడుక్కునే చేతి తొడుగులకి వెండి రంగు పూశాను. ఎంత దూరం నుంచి చూసినా నా వేళ్ళు తళతళలాడాలని నా తాపత్రయం. ఎవరి కోసం తళతళలాడాయో తర్వాత తెలిసింది. డప్పు మా గ్యాంగులోనివాడే వాయిస్తానన్నాడు. హోయ్ అనడానికి వెనక బెంచీల నిండా గ్యాంగుంది.

ఇక తెర. క్లబ్బు హాలు తెర మందపాటి కేన్వాసు. పక్కన నిలబడి ఇనుప పిడి తిప్పితే పైకి చుట్టుకుంటుంది, వెనక్కి తిప్పితే దిగుతుంది. మామూలుగా తిప్పే మనిషి పెళ్ళికని ఊరెళ్ళాడు. పెద్ద బరువు, ఎవడు పడితే వాడు తిప్పలేడు. సెక్రటరీకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "మన వించ్‌మన్ కాళీగానే ఉన్నాడు గదేటి?"

బావ ఒప్పుకున్నాడు. "వించి ఎలాగూ లేదు. తెరైనా ఎత్తుకుంతాను" అన్నాడట. ఆ మాట విన్నప్పుడు మాత్రం నా గుండె కలుక్కుమంది. ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అని సెక్రటరీ అడిగితే, నా వైపు చూడకుండా ఆయనతోనే చెప్పాడు. "ఆడు సైగ సెయ్యమను. ఎత్తమంటే ఎత్తుతాను, దించమంటే దించుతాను. మాటలొద్దు."

ఆదివారం హాలు కిటకిటలాడింది. ముందు వరసలో ఆఫీసరు గారు, పక్కన ఆయన భార్య. మూడో వరసలో అప్ప, ఎటో చూస్తూ. వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాను. తెర జానెడు జానెడుగా లేచింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. వించి మీదైనా, తెర మీదైనా బావ చెయ్యి బావ చెయ్యే. డప్పు మోగింది. నేను అందుకున్నాను.

"జెట్టీకి ఓడొచ్చె!"

"హోయ్!" అంది గ్యాంగు.

"మూత తీసి సూత్తేను!"

"హోయ్!"

"మూడు గదుల ఎరువు!"

"హోయ్!"

"వాసన మాకంట, వరిసేలు మీకంట!"

హాలు లేచిపోయింది! ఆఫీసరు గారి భార్య చేతిలో పర్సు పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టింది. అబ్బ, ఆ చప్పుడు మీకు తెలుసు కదా, మనిషిని మనిషిలా ఉండనివ్వదు. నాకు పూనకం వచ్చింది. కళ్ళు మూసుకుని, కుడిచేత్తో మైకు పట్టుకుని, అమెరికా వాడిలా ఊగడం మొదలెట్టాను. రెండో చరణం సగంలో ఉండగా ఏదో చల్లగా నా నెత్తికి తగిలింది. కళ్ళు తెరిస్తే తెర!

దిగుతోంది. నా కనుబొమల దాకా వచ్చింది. వంగి దాని కిందనుంచే పాడుతూ, కంగారుగా ఎడంచెయ్యి పైకెత్తి వేలు తిప్పాను. మర్యాదగా పైకి లేచింది. జనం ఇదంతా పాటలో భాగమనుకుని ఈలలు వేశారు. సరే, ఏదో పొరపాటనుకుని మళ్ళీ ఊపందుకున్నాను. మళ్ళీ దిగింది! ఈసారి డప్పువాడు తెర బయట మిగిలిపోయాడు, నేను లోపల. వాడు పాపం ఆపకుండా వాయిస్తూనే ఉన్నాడు. నేను రెండు చేతులూ అడ్డంగా చాపాను. తెర ఠక్కున ఆగింది. సరిగ్గా నా మోకాళ్ళ దగ్గర. హాల్లో వందల మందికి నా పిక్కలు మాత్రం కనపడుతున్నాయి. "కాళ్ళు బాగున్నాయిరోయ్, మొకమెక్కడ?" అని ఎవడో అరిచాడు. గ్యాంగు దానికీ హోయ్ అంది.

ఇక ఆగలేకపోయాను. గొలుసు గలగలలాడించుకుంటూ పక్కకి ఉరికి బావ మీద పడ్డాను.

"ఏటి బావా ఇది? కచ్చ తీర్చుకుంతన్నావేటి? నిండు సబలో పరువు తీసీసినావు గదా!"

మూడు వారాల తర్వాత బావ నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. "దించమన్నావు. దించినాను."

"నానెప్పుడు దించమన్నాను?"

"నువ్వు అన్నేదు. నీ సెయ్యి అన్నాది."

అప్పుడు చూసుకున్నాను, మైకు నా చేతిలోనే ఉంది. మా తగువంతా స్పీకర్లలో ఊరందరికీ వినపడింది. హాల్లో నవ్వులు మొదలై, అవి ఆగాక, తెర అవతలి నుంచి ఆఫీసరు గారి గొంతు వినపడింది. అందులో నవ్వు లేదు.

"ఏవయ్యా, ఇందాకటి ముక్క మళ్ళీ పాడు. ఎలా ఊగావో అలాగే ఊగుతూ పాడు."

పాడాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు, నా చేతులకేసే చూసుకున్నాను. కుడిచేతిలో మైకు ఉంది. ఖాళీగా ఉన్న ఎడంచెయ్యి నడుం పక్కకి జారింది. వెండి రంగు వేలు నేలకేసి చూస్తూ దరువు వెయ్యడం మొదలెట్టింది. నేను వెయ్యమనలేదు. ఆపుదామన్నా పాట ఉన్నంతసేపూ ఆగలేదు. బావ నా వేలు చూశాడు, పిడి తిప్పాడు. తెర మిగతా మోకాలెత్తూ దిగి నేలని తాకింది.

నా నోట్లో పాట ఎండిపోయింది. ఆ ఎరువుల ఓడ కళ్ళ ముందుకొచ్చింది. ఆ రోజు నా కుడిచెయ్యి ఆపు మీదే ఉంది, నిజం. ఎడంచెయ్యి ఎక్కడుందని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. టేపు మోగుతోంది. దానితోపాటు నేనూ లోలోపల పాడుకుంటున్నాను. ఆ సంగతి బావకి తెలీదు, ఆఫీసరు గారికి తెలీదు. ఓడ వెళ్ళిపోయింది, నావికుడు వెళ్ళిపోయాడు. నేను ఊరుకుంటే సోమవారం ఆర్డరు బావ మీదికే వస్తుంది. ఊరుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. అబద్ధమెందుకు, అనిపించింది.

బావ పిడి పట్టుకుని నా చేతులకేసే చూస్తున్నాడు. తర్వాతి సిగ్నల్ కోసం.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. "ఆఫీసరు గారండీ, ఆ ఎరువుల ఓడ మీద కూడా పాట మోగిందండి. నాను పాడుకుంతన్నానండి. ఈ ఎడంసెయ్యే దించమన్నాదండి. మా బావది తప్పు నేదు. నాదేనండి."

తెర వెనక నిలబడి నా మొహం ఎవరికీ కనపడనందుకు సంతోషించాను. రెండు చేతులూ కిందికి వేళ్ళాడుతున్నాయి. మైకు కూడా వేళ్ళాడుతోంది. నేను ఏ సైగా చెయ్యలేదు.

తెర లేచింది.

పన్నెండేళ్ళలో బావ సిగ్నల్ లేకుండా కదపడం అదొక్కసారే. నిదానంగా, కుదుపు లేకుండా, నా పిక్కలు, నడుం, గొలుసు, చివరికి ఏడుపు మొహం, అన్నీ జనానికి చూపించాడు. డప్పువాడికి ఏం చెయ్యాలో తోచక మళ్ళీ వాయించడం మొదలెట్టాడు. మూడో వరసలో అప్ప లేచి నిలబడి, "హోయ్!" అని అరిచింది. తర్వాత హాలంతా అరిచింది. ఆడదాని గొంతుతో హోయ్ వినడం మా గ్యాంగుకి అదే మొదలు. ఆ ఊపులో మూడో చరణం కూడా పాడేశాను, ఎడంచెయ్యి జేబులో పెట్టుకుని.

మద్రాసు ట్రూపు తర్వాత ఆడింది. బాగానే ఆడారు. షో అయ్యాక వాళ్ళ నాయకుడు నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఆ తెర ట్రిక్కు ఎన్నాళ్ళు ప్రాక్టీసు చేశారని అడిగాడు. పన్నెండేళ్ళు అన్నాను.

సోమవారం ఆర్డరు వచ్చింది. బావ వించి ఎక్కాడు. కొత్తగా వచ్చిన ఓడది, బొట్టు మామూలే. నన్ను ఆర్నెల్లు జెట్టీ మీద తాళ్ళు సర్దే పనిలో పెట్టారు, సరిగ్గా బావ ఖాళీ చేసిన చోట. ఆఫీసరు గారు సంతకం పెడుతూ, "పాట బాగుందయ్యా. మా ఆవిడ ఇంట్లో అదే పాడుతోంది. శిక్ష మాత్రం తగ్గించను" అన్నాడు. తగ్గించమని నేనూ అడగలేదు. దాంతోపాటు మా సెక్షన్‌లో కొత్త రూలు పెట్టాడు. సిగ్నల్ ఇచ్చేవాడు పని లేని చెయ్యి వెనక్కి కట్టుకుని నిలబడాలి. నేను రిటైరయ్యే దాకా కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఆ రూలెందుకని అడుగుతూనే ఉండేవారు. భద్రత కోసం అని చెప్పేవాణ్ణి. విశాఖపట్నం సంగీతానికి నేను చేసిన సేవ ఏ మాత్రమో తెలీదు గాని, ఆ రూలు మాత్రం నాదే.

సోమవారం సాయంత్రం ఎదురింట్లోంచి చేపల పులుసు వచ్చింది. అప్పే తెచ్చింది. గిన్నె కింద పెట్టి, నా ఎడంచేతి మీద చెళ్ళున ఒక్కటేసి, "తిను" అంది.

కుర్రాళ్ళూ, మీకు నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. పాడండి. ఊగండి. కాకపోతే మీరు ఊగుతున్నప్పుడు మీ చేతిని నమ్ముకుని ఎవడు మీట పట్టుకున్నాడో ఒక్కసారి చూసుకోండి. నేను చూసుకోలేదు.

ఇప్పుడు ఇద్దరం రిటైరైపోయాం. సాయంత్రాలు బావ మా అరుగు మీదికొస్తాడు. రేడియోలో ఏదో ఒక పాట వస్తుంది, నా ఎడంచెయ్యి దాని పని అది మొదలెడుతుంది. బావ నోటి దాకా వచ్చిన టీ గ్లాసు, కుదుపు లేకుండా, నిదానంగా కిందికి దించి అరుగు మీద పెట్టేస్తాడు. టీ సల్లారిపోతంది బావా, తాగు అంటే, నా వేలికేసి చూసి ఆ మాటే అంటాడు.

"దించమన్నావు. దించినాను."